ఫోను మింగిన నలుగు పాట

ఈ ముచ్చట ఇన్నేళ్లు ఎందుకు రాయలేదని ఎవరన్నా అడిగితే నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. ఆ రోజుల్లో నాకు రాయడం రాదు. మర్రిపాడు పక్కన ఒక పల్లెలో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచీ మేకల వెనక తిరిగినదాన్ని. బడి ఎక్కడుందో మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే మేకలు అటువైపు పోతే అయ్యవారు బెత్తం పట్టుకుని బయటికొచ్చేవాడు. (బడితో నాకున్న పరిచయం అంతే. అది కూడా నాకంటే మేకలకే ఎక్కువ.) పెండ్లి చేసుకుని ఉదయగిరి వచ్చినాక సంసారం, బిడ్డలు, ఇంటి చాకిరీ. యాభై దాటినాక మా వీధిలో ఒక టీచరమ్మ సాయంత్రం పూట అరుగు మీద ఆడవాళ్లకు అక్షరాలు చెబుతుంటే, ఊరికే చూసి వద్దామని పోయి కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు. ఇప్పుడు నిదానంగానైనా రాస్తాను. ఒత్తుల కాడ పెన్ను కాస్త తడబడుతుంది, గుంతలో పడిన బండిలాగా మళ్లీ లేచి పోతుంది. రాయడం వచ్చినాక మొదట రాయాలనిపించింది మా అత్త పాట గురించి, ఆ పాటను నేను ఫోనులో పట్టిన వైభోగం గురించి.

అక్షరాల కంటే ముందు నా చేతికి ఫోను వచ్చింది. మా ఆయన సరుకుల ఆటో తోలేవాడు. ఆయన కొత్త ఫోను కొనుక్కుని, అద్దం మూల పగిలిన పాతదాన్ని నాకిచ్చాడు. చదువు రానివాళ్లకు ఫోను బొమ్మల పుస్తకం లాంటిది. ఆకుపచ్చ బొమ్మ మాట్లాడేదానికి, ఎర్ర బొమ్మ సినిమాలు చూసేదానికి, పువ్వు లాంటిది ఫోటోలకు. రంగును బట్టి, ఉన్న చోటును బట్టి అన్నీ గుర్తు పెట్టుకున్నాను. ఫోను ఇచ్చిన రోజే మా ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పాడు.

"చూడుమే. నువ్వు ఒక యాప్ తెరిచి పని చూసుకోని బయటికి వస్తావు. అది మూసుకుపోయిందనుకుంటావు. మూసుకోలా. వెనకాలే కూర్చోనుండాది. ఇట్ట ఒక్కోటి ఒక్కోటి చేరి, మంద మాదిరి వెనకాల కూర్చోని నీ చార్జింగంతా తాగేస్తాయి. మనుషుల్లేని గదిలో లైటు ఆర్పమా? ఇదీ అట్టనే. పని కాంగానే వెనక్కి పోయి, అన్నిట్నీ పైకి తోసెయ్యాల."

ఇంత జ్ఞానం ఎక్కడిదంటే, బస్టాండు కాడ టీకొట్టులోది. మా ఆయనకు ఆ టీకొట్టులో విన్న మాట మీద ఉన్న నమ్మకం డాక్టరు మాట మీద కూడా ఉండేది కాదు.

నాకా, ఆర్పడం మూయడం అనేవి పుట్టుకతో వచ్చిన గుణాలు. కొళాయి చుక్క కారితే నిద్ర పట్టదు. అలాంటి దానికి ఈ పాఠం చెబితే ఇంకేముంది. చిన్న చిన్న కిటికీల్లాగా వరసగా నిలబడిన యాప్‌లను బొటనవేలితో ఒక్కోదాన్ని పైకి తోస్తుంటే, చాటలో పొల్లు ఎగరేసినట్టు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. పొద్దున లేవంగానే ఒకసారి, అన్నం వార్చి ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. మాట్లాడి పెట్టేసినాక ఒకసారి. చుట్టాలిళ్లకు పోతే వాళ్ల ఫోన్లు కూడా తీసుకుని శుభ్రం చేసి ఇచ్చేదాన్ని. అడక్కుండానే. (ఒకసారి మా ఆడబిడ్డ ఫోనులో మోగుతున్న భక్తి పాట ఉన్నట్టుండి ఆగిపోయింది. పాపం ఫోనుకు కాస్త విశ్రాంతి దొరికిందనుకున్నాను గానీ, ఎందుకు ఆగిందని ఆలోచించలేదు.)

ఇక మా అత్త సంగతి. ఊరంతా ఆమెను మైకవ్వ అనేవాళ్లు. ఆమె పెరట్లో నిలబడి కోడిని అదిలిస్తే మూడో వీధిలో కోళ్లు సర్దుకునేవి. ఆ గొంతు పెండ్లి పాటకు దిగితే మాత్రం వేరే మనిషి. మా ఇంటి ఆనవాయితీ ఒకటుంది. పెండ్లికి ముందు రోజు ఆడపిల్లను పీట మీద కూర్చోబెట్టి, తలకు నూనె పెట్టి, ఒంటికి నలుగు పిండి రుద్దేటప్పుడు మొదటి చెయ్యి పిల్ల అమ్మ తల్లిది. ఆ అవ్వ పాడుతూ పెడుతుంది. ఆమె పాట పూర్తయ్యే దాకా పిల్ల పీట దిగదు. పాట అంటే పాత పాట కాదు, ప్రతి పెండ్లికీ కొత్తగా కట్టాల్సిందే. అందులో చుట్టాలందరినీ పేరు పేరునా, వరస వరసనా ఎగతాళి చేస్తారు. ఎవరి మీద చరణం లేదో వాళ్లు అలుగుతారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, పాటలో తన పేరు రాలేదని మా చిన్నమామ ఒకాయన అన్నం తినకుండా పోయాడు. తిట్టించుకోవడానికి అంత పోటీ ఎక్కడా చూడలేదు.

ఆ ఏడు పెండ్లి మా ఆడబిడ్డ కూతురికి. వాళ్లది ఆత్మకూరు. వాళ్లమ్మా నాయనా అక్కడ అద్దె గదిలో ఉండి పనులకు పోతున్న రోజుల్లో ఆ పిల్ల చిన్నప్పుడంతా ఉదయగిరిలో మా దగ్గరే పెరిగింది. మా అత్త పక్కలోనే పడుకునేది. మాట రాకముందే అవ్వ పాటకు తల ఊపేది. పెండ్లి కుదిరిందని తెలిసిన రోజు నుంచి మా అత్త చింతపండు పిక్కలు తీస్తూ, గోడకు ఆనుకుని తనలో తాను గొణుక్కుంటుంటే, చరణాలు కడుతోందని మాకర్థమయింది. అంతలో బాత్రూములో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. కట్టు కట్టిన డాక్టరు, మంచం దిగకూడదు, ప్రయాణం మాట ఎత్తకూడదు అన్నాడు. మా అత్త డాక్టరును ఏమీ అనలేదు. ఆయన పోయినాక గోడ వైపు తిరిగి పడుకుంది. మైకవ్వ మాట్లాడకపోవడం అదే మొదటిసారి వినడం మాకు. (వినడం అనొచ్చో లేదో.)

ఈ సంగతి తెలిసి పెండ్లికూతురు ఫోను చేసింది. "అత్తా, అవ్వ రాకపోతే పాటన్నా రావాల. నేను అవ్వ పాట లేకుండా పీట దిగేది లేదు" అంది. ఫోనులోనే నేరుగా పాడిస్తే సరిపోయేది గానీ, మా ఇల్లు కొండ కిందుగా ఉండేసరికి సిగ్నలు తెగుతూ తెగుతూ వస్తుంది. అందుకని ముందుగానే రికార్డు చేసి పట్టుకుపోదామని తీర్మానం అయింది. పిల్ల అంతకు ముందు వచ్చినప్పుడే నాకు నేర్పింది. ఎర్ర గుండ్రం నొక్కితే మొదలు, పాట అయినాక నల్ల చదరం నొక్కితే భద్రం. ఇంతే. మేకలకు కూడా వస్తుంది.

నేను ప్రయాణమయ్యే రోజు పొద్దున మా అత్త తల దువ్వించుకుంది, పెట్టెలో చీర తీయించుకుని మంచం మీదే కట్టించుకుంది.

"పోయేది గొంతు గదా అత్తా, చీరెందుకు?" అన్నాను.

"పాత చీరలో పాత గొంతే వస్తాది. నువ్వు నీ మిషను చూసుకో."

ఎర్ర గుండ్రం నొక్కి, ఫోనును ఆమె దిండు పక్కన పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని మొదలు పెట్టింది. సన్నగా మొదలై, తల్లి మీద ఒకటి, తండ్రి మీద ఒకటి, ఆ తర్వాత మేనమామ అయిన మా ఆయన మీద.

"మేనమామ వచ్చినాడు మీసాలు దువ్వుకోని,
మీసాలు ఉండాయి, మూట యాడ మరిచాడు?"

గడప మీద కూర్చుని ఉన్న మా ఆయన మీసం మీద చెయ్యి తీసేశాడు. నేను నవ్వు ఆపుకుంటూ ఫోను వైపు చూశాను. చార్జింగు బొమ్మ సగానికి తక్కువ చూపిస్తోంది. ముందు రోజు రాత్రంతా కరెంటు లేదు మరి. పాట చూస్తే ఇప్పట్లో అయ్యేటట్టు లేదు. నా మనసు ఆగలేదు. పాట ఫోను లోపలికి పోతూనే ఉంది గదా, తలుపు బార్లా తెరిచి పెట్టడం ఎందుకు అనుకున్నాను. చప్పుడు కాకుండా ఫోను తీసి, వెనక్కి పోయి, కనబడిన కిటికీలన్నిటినీ పైకి తోసేశాను. అందులో ఎర్ర చుక్కతో ఒకటుంది. దాని మీద ఏవో అక్షరాలు కూడా ఉన్నాయి. ఏమంటున్నాయో చదివేదాన్ని కాను గనక, దాన్ని ఇంకా గట్టిగా తోశాను. చార్జింగు కాపాడిన తృప్తితో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మిగతా పాటంతా విన్నాను. పిల్ల మీద చరణం వచ్చేసరికి నా కళ్లు నిలవలేదు. మా ఆయన లేచి బయటికి పోయాడు, ఆటో తుడవడానికి. (తుడిచింది ఆటోనే కాదులెండి.)

పాట ఆగినాక ఫోను తీశాను. చూస్తే నల్ల చదరం కనపడలేదు. ఆ బొమ్మ మళ్లీ తెరిస్తే ఎర్ర గుండ్రమే ఉంది. సరే, అదీ ఒకసారి నొక్కాలేమో అనుకుని నొక్కాను, కాసేపటికి చదరం వచ్చింది, దాన్ని నొక్కాను. భద్రం. ఫోనును చేతిరుమాలులో చుట్టి, సంచిలో చీరల మధ్యన పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కాను. మా అత్తను ఒంటరిగా వదలలేం గనక మా ఆయన ఆగిపోయాడు. దారి పొడుగునా సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. పక్కన కూర్చున్న ఆమె, బంగారమా అని అడిగింది. అంతకంటే ఎక్కువే అన్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆడబిడ్డ ఇంట్లో నలుగు. పందిట్లో పీట వేశారు, పిల్ల కూర్చుంది, తలకు నూనె పెట్టారు. ఇత్తడి గిన్నెలో నలుగు పిండి కలిపి ఉంది. అద్దెకు తెచ్చిన సౌండు బాక్సుకు నా ఫోనును తగిలించారు. ఆడవాళ్లందరూ తమ తమ తిట్లు వినడానికి ముందుకు జరిగి కూర్చున్నారు. మొదటి చెయ్యి ఎవరిదన్న సంగతి మీద కాస్త గుసగుస నడిచింది. అవ్వ లేదు గనక వరసకు పెద్దదాన్ని నేను పెడతానని, పక్కింటి పెద్దమ్మ అప్పటికే గాజులు వెనక్కి తోసుకుంటోంది. ముందు పాట రానీయండి అన్నది పిల్ల. పాట నొక్కారు.

పెద్ద గరగర. ఆ తర్వాత పందిరి అదిరేటట్టు నా గొంతు. "అయిపోయిందా అత్తా?"

తర్వాత మా అత్త గొంతు. "అయిపోయిందే. గొంతెండుకుపోయింది, ఇన్ని నీళ్లియ్."

అంతే. మళ్లీ గరగర కూడా లేదు.

ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పందిరంతా ఒకటే నవ్వు. పక్కింటి పెద్దమ్మ, "ఈ పెండ్లికి మైకవ్వ కట్టిన పాట శానా చిన్నది, నీళ్ల మీదే అయిపోయింది" అంది. నేను కూడా నవ్వబోయాను, అప్పుడు పిల్ల మొహం చూశాను. ఆమె నవ్వలేదు. ఏడవనూ లేదు. నూనె చెంపల మీదికి కారుతుంటే తుడుచుకోకుండా ఆ పెట్టె వైపే చూస్తోంది, ఇంకా ఏదో వస్తుందని.

"ఇంకోసారి పెట్టు అత్తా" అంది మెల్లగా.

ఇంకోసారి పెట్టాము. అయిపోయిందా అత్తా. అయిపోయిందే.

పక్కింటి పెద్దమ్మ నవ్వు ఆపి, "సరే, ఇంక ఆలస్యం ఎందుకు, దీపాలు పెట్టేలోపల నలుగు కానియ్యాల. పొద్దుగూకినాక పిల్లకు నలుగు పెట్టకూడదు" అంది. పిల్ల తల ఎత్తకుండా, "అవ్వ పాట లేకుండా నేను పీట దిగను" అంది. మొండితనం కాదు. వేరే దారి తెలియని మనిషి చెప్పినట్టు చెప్పింది. అంత నిబ్బరంగా అనేసరికి నాకు ఆ నేల చీలితే బాగుండుననిపించింది.

మా ఆడబిడ్డ నా చెయ్యి పట్టుకుని, "రా వదినా, పోయిన పాటలు తీసేవాళ్లుంటారంట" అని, బజారులో సెల్‌షాపు పెట్టుకున్న ఒక భాయ్ దగ్గరికి లాక్కుపోయింది. పిల్ల పీట మీద అట్లే ఉంది. ఆమెకు చుట్టూ ఆడవాళ్లు కాపలా.

భాయ్ ఫోను తీసుకుని అటూ ఇటూ నొక్కి చూశాడు. "పాట లేదక్కా" అన్నాడు.

"పోయినవి వెనక్కి తెస్తారంట గదా భాయ్" అంది మా ఆడబిడ్డ.

"లోపల ఉండి, ఆనక పోతే తెస్తాం. ఇది లోపలికి రానే లేదు. పాట మొదలైనాక ఏం చేసినారు?"

"నేనేం చెయ్యలేదు భాయ్" అన్నాను. "ఊరికే వెనకాల ఉండేవన్నీ మూసేసినా."

భాయ్ కళ్లజోడు తీసి అద్దాల పెట్టె మీద పెట్టాడు. "రికార్డు చేసేదాన్ని గూడానా?"

"అన్నిట్నీ."

"ఎందుకు?"

"చార్జింగు తాగుతాయి గదా."

"ఎవరు చెప్పినారు?"

"మా ఆయన."

"ఆయనకెవరు చెప్పినారు?"

"టీకొట్టులో."

"అనుకున్నా" అన్నాడు భాయ్. కోప్పడలేదు. రోజుకు ఇద్దరన్నా ఇదే వ్యాధితో వస్తారు కాబోలు. "చూడక్కా, నువ్వు బయటికి వస్తానే ఆ యాప్‌ను ఫోనే నిద్రబుచ్చుతాది. నిద్రబొయ్యేదానికి చార్జింగెందుకు? లోపల జాగా చాలకుంటే, శానాసేపటి నుంచి పడుకోనుండేదాన్ని ఫోనే బయటికి పంపిస్తాది, నువ్వు చెప్పబన్లేదు. నువ్వు తోసేసి మళ్లా తెరిచినావనుకో, అది మొదట్నుంచీ లెయ్యాల. దానికే ఎక్కువ చార్జింగు ఖర్చవతాది. పాటలు, ఫోను మాట్లాడేది, దారి చూపించేది, రికార్డు చేసేది, ఇట్టాటివి మాత్రం వెనకాల ఉన్నా పని చేస్తానే ఉంటాయి. వాట్ని తోసేస్తే పని ఆడికాడికి ఆగిపోతాది. ఏదన్నా బిగుసుకోని కదలకపోతే అప్పుడు మూసుకో. ఊరికే ఊరికే చంపబాక."

నేను ఆ షాపు మెట్టు మీద కూర్చుండిపోయాను. నాకు మా అమ్మ పొయ్యి గుర్తొచ్చింది. వంట అయినాక మా అమ్మ నిప్పు మీద నీళ్లు పోసేది కాదు. మీద నివురు కప్పి, మేకల కాడికి వచ్చేది. నివురు కింద ఉన్న నిప్పు కట్టెలు తినదు, అలా పడి ఉంటుంది. సాయంత్రం వచ్చి రెండు పుల్లలు పెట్టి ఊదితే లేచి కూర్చునేది. నీళ్లు పోసి ఆర్పినదాన్ని మళ్లీ వెలిగించాలంటే అగ్గిపుల్లలు, చితుకులు, పొగ, కళ్లనీళ్లు. ఇది నాకు అయిదేళ్ల వయసులోనే తెలుసు. తెలిసీ ఫోనులో మాత్రం పూటకు మూడుసార్లు నీళ్లు పోస్తూ వచ్చాను. అందులోనూ, కూర ఉడుకుతున్న పొయ్యిలో.

"ఇప్పుడేం చేద్దాం వదినా?" అంది మా ఆడబిడ్డ. బజారులో నీడలు సాగుతున్నాయి.

చేసేదేముంది, మా ఆయనకు ఫోను చేశాను.

"ఏంది, పాట అందరూ మెచ్చుకున్నారా?" అన్నాడు.

"నువ్వు చెప్పినట్టే అన్నీ మూసినా. పాట గూడా మూసుకుపోయింది."

"నేను చెప్పింది ఊరికే తెరిచి పెట్టినవాటి గురించి" అన్నాడు.

"ఆ మాట అప్పుడు చెప్పలా నువ్వు."

వెనక నుంచి మా అత్త, "ఎవుర్రా, ఏమంటుండారు" అని అరవడం వినిపించింది. ఆయన చెప్పాడు. తిడుతుందనుకున్నాను. ఆమె, "పిల్ల పీట మీదుండాదా?" అని అడిగింది. ఉందన్నాడు. "అయితే నన్ను సిగ్నలు కాడికి తీస్కపో" అంది.

సిగ్నలు మా వీధి చివర నీళ్ల ట్యాంకు దగ్గర బాగుంటుంది. ఆమె కదలకూడదు. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. మా పక్కింట్లో చెక్క గరిటెలు చేసే సాయిబులుంటారు. వాళ్లు ఉలులు కింద పెట్టి వచ్చారు. మంచాన్ని కుదుపు లేకుండా, మనిషితో సహా, నలుగురూ భుజాల మీదికెత్తుకున్నారు. వీధిలో వాళ్లు చూసి గుండెలు పట్టుకుని బయటికొస్తుంటే మా అత్త మంచం మీద నుంచే, "నలుగురు మోస్తుండారని బయలుదేరబాకండి, ఇంకా టైముండాది. మనవరాలి నలుగుకు పోతుండా" అని చెబుతూ పోయిందట.

మేము ఇంటికి చేరేసరికి ఎండ పందిరి అంచుకు పోయింది. పిల్ల కూర్చున్నచోటే ఉంది. కారిన నూనె ఆరి చెంపలు మెరుస్తున్నాయి. ఫోను మోగింది. సౌండు బాక్సు తీగ పెట్టబోతే నేను వద్దన్నాను, ఏ తీగకు ఏమవుతుందో నాకు నమ్మకం లేదు. గొంతు పెంచే బొమ్మ మాత్రం పిల్ల చేతనే నొక్కించి, ఫోనును రెండు అరచేతుల్లో, దీపం పట్టుకున్నట్టు పట్టుకుని పీట పక్కన కూర్చున్నాను. "ఇదో, నువ్వు ఆ ఫోనును తాకబాక" అని మా ఆయనకు చెప్పాను. "నేనెందుకు తాకుతా" అన్నాడు, తాకబోతున్న మనిషి గొంతుతో.

మా అత్త పాడింది. నిన్నటి గొంతు కాదు, బొంగురు. మధ్యలో ఎవరిదో బండి హారను, ట్యాంకు కాడ బిందెల చప్పుడు, ఒక సాయిబు దగ్గు. తల్లి మీద, తండ్రి మీద, మీసాల మేనమామ మీద. పక్కింటి పెద్దమ్మ మీద కూడా ఒకటి వచ్చింది, ఆమె సంతోషంగా సర్దుకుని కూర్చుంది. కాసేపటికి ఫోను అద్దం నల్లబడింది. నా ప్రాణం పోయింది. వేలు కదిలించబోయి ఆపుకున్నాను. నల్లబడిన అద్దంలో నుంచే పాట వస్తోంది.

అంతలో నిన్న లేని చరణం ఒకటి వచ్చింది.

"పాలు పొయ్యి మీద పెట్టి పక్కకైన పోకుండా
పొయ్యార్పి కూసున్నది పెద్దింటి కోడలు,
కాగని పాలు తెచ్చి కమ్మగుండాయన్నది."

పందిట్లో నవ్వు చూడాలి. నా చేతులు వణికితే పాట తెగుతుందేమోనని నేను నవ్వలేదు. మా ఆడబిడ్డ నా వీపు మీద ఒకటి చరిచింది. నవ్వు సద్దుమణిగినాక ఆమె గొంతు బాగా తగ్గింది.

"పాలపండ్ల నాడు నా పైట పట్టినదానా,
పట్టిన పైట వదిలి పయనమైతివా తల్లీ."

పిల్ల అప్పుడు ఏడ్చింది. హాయిగా, చిన్నపిల్లలాగా ఏడ్చింది. పాట ఆగింది. అయిపోయిందేమో అనుకున్నాము. ఎవరూ అయిపోయిందా అని అడగలేదు, నేనైతే అసలే అడగలేదు. దూరంగా మా అత్త ఊపిరి తీసుకోవడం వినపడింది. మళ్లీ మొదలెట్టింది.

"అరిచేటి నోరు నాది, అన్నమెట్టే చెయ్యి దానిది,
ఆ చెయ్యి నలుగెడితే అవ్వ చెయ్యే అనుకోవే."

నాకు వెంటనే అర్థం కాలేదు. పక్కింటి పెద్దమ్మే ముందు తేరుకుంది. గాజులు ముందుకు లాక్కుని, ఇత్తడి గిన్నె నా వైపు జరిపింది. "నిన్నే. పెట్టు మరి" అంది. ఫోను కింద పెట్టాలంటే నాకు భయం. పిల్ల నా చేతుల్లో నుంచి దాన్ని తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నేను పిండి తీసి ఆమె చెంపకు రాశాను. ముప్పయ్యేళ్ల కాపురంలో మా అత్త నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే, అదీ పాటలో, తిట్టిన చరణం పక్కనే. (ఇంటికి పోయినాక ఆ మాట ఎత్తితే, ప్రాస కోసం అన్నాలే అంది.) దీపాలు పెట్టేలోపల పిల్ల పీట దిగింది.

ఆ పాట ఏ ఫోనులోనూ లేదు. ఆ గడబిడలో రికార్డు చెయ్యాలని ఒక్కరికీ తోచలేదు. నేను ఇక్కడ రాసిన ఈ నాలుగు ముక్కలే మిగిలాయి, అవి కూడా నాకు గుర్తున్నట్టు. మా అత్త ఇప్పుడు లేదు. ఆ నడివయసు కోడలిని తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, పక్కన కూర్చుని తల నిమరాలనీ అనిపిస్తుంది. అంత భయంగా, అంత భక్తిగా, తెలియని వస్తువును చేతుల్లో పట్టుకుని కూర్చున్నది పాపం.

నలుగు అయిన మరుసటి రోజు పొద్దున ముహూర్తం. నేను అందరికంటే ముందు మండపానికి పోయి, మొదటి వరసలో రెండు కుర్చీలు పట్టాను. ఒకదాంట్లో నేను కూర్చుని, రెండోదాంట్లో చేతిరుమాలు పరిచి, ఉదయగిరి నీళ్ల ట్యాంకు కాడికి కలిపిన ఫోనును దాని మీద పెట్టాను. ఇక్కడ ఎవరన్నా కూర్చున్నారా అని వచ్చినవాళ్లందరూ అడిగారు. మా అత్త కూర్చోనుండాదని చెప్పాను. ఒకాయన తమాషా అనుకుని కూర్చోబోతే, కుర్చీలో నుంచే, "ఎవుర్రా అది, నా మీదికి వస్తుండేది" అని వినపడి, బెదిరిపోయి వెనక వరసకు పోయాడు. సన్నాయి మెల్లగా మొదలైంది. అక్షింతల పళ్లెం మా వరసకు వచ్చినప్పుడు నేను ఎడమ చేతిలో కొన్ని, కుడి చేతిలో కొన్ని తీసుకున్నాను. తాళి కట్టేటప్పుడు లేచి నిలబడి, ముందు అత్తవి వేశాను, ఆ తర్వాత నావి.